ముప్పై మూడో పేజీ

కరీంనగర్‌లో ఆ వారమంతా ముసురే. యూనివర్సిటీ లైబ్రరీలో పగలే లైట్లు వేసుకుని, లిడియా పాత థీసిస్‌ల స్కాన్‌లు ఒక్కొక్క పేజీ తిప్పి సరిచూస్తోంది. లైబ్రరీ డిజిటల్ రిపాజిటరీకి మారుతోంది. శనివారానికి అన్నీ నెట్‌లోకి ఎక్కాలి. ఎక్కాక కాంట్రాక్టు మనిషి లిడియాతో ఎవరికీ పనిలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే లోకం మరి!

అప్పట్లో రోజూ లిడియా బల్ల దగ్గరే కూర్చుని చదివిన సాయిచంద్ థీసిస్ వచ్చింది. శ్రీరాంపూర్ గని కార్మికుల మాటల మీద, మూడేళ్ల కిందట రాసింది. ముప్పై మూడో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

లైబ్రరీకి ఏ పుస్తకం వచ్చినా ముందూ వెనకా కాక, లోపల ఒక పేజీ మీద కూడా ముద్ర వేస్తారు. దొంగిలించినవాడు ఆనవాలు చింపలేకుండా. ఇక్కడ అది ముప్పై మూడు. ముద్రలు వేసేది లిడియా. ఆ గుట్టు తెలిసిన బయటివాడు సాయిచంద్ ఒక్కడే.

ఆ పేజీలో థీసిస్ లేదు. లైబ్రరీ కాపీలో మాత్రం అదనంగా కుట్టించిన కాగితం మీద చేతిరాత ఉంది.

"లిడియా, నువ్వంటే నాకు ప్రాణం. ఇష్టమైతే ఫోన్ చెయ్యి. లేకుంటే ముద్ర కొట్టి ఊకో. మళ్ల అడుగను."

దాని మీద అడ్డంగా ముద్ర.

లిడియా స్క్రీన్ దగ్గరికి వంగి చూసింది. ఆ ముద్ర తను వేయలేదు.

నెట్‌లో పెట్టాలంటే రాసినవాళ్ల సంతకం కావాలి. ఆ మధ్యాహ్నం సాయిచంద్ తడిసిన గొడుగుతో చిటపటలాడుతూ వచ్చాడు.

"సంతకం పెడ్త గని, ముప్పై మూడో పేజీ తీసేయుండ్రి మేడమ్."

"మేడమా?"

"ఆదివారం బోథ్‌కు పిల్లను సూడవోతున్నం. ఆళ్లు నెట్ల గిది సూస్తే నా ఇజ్జత్ పోతది."

లిడియాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. "మూడేండ్లల్ల ఒక్కసారన్న నన్ను అడగొద్దా?"

"ముద్ర పడ్డదా లేదా అని వచ్చి సూసుకొని పోయిన. ఇంకేం అడగాలె?"

"గది కొట్టింది మా అటెండర్ హనుమండ్లు. పేజీ సదవనే లేదు. గా వారం మా బాపు పోయిండు. నేను చెన్నూరుల ఉన్న."

సాయిచంద్ చేతిలోని గొడుగు కింద పెట్టేశాడు. "బాపు సంగతి నాకు తెల్వదు లిడియా," అన్నాడు నీరసంగా.

"ఎట్ల తెలుస్తది? మళ్ల తొంగి సూడలే గద."

ఆమె ఫైల్ లోంచి ఆ పేజీ తీసేసింది. అతని ముఖం మాడిపోయింది.

"నాకు రాసిన ఉత్తరం లోకమంత ఎందుకు సదవాలె?" అంది లిడియా. "నువ్వంటే నాకిష్టమే. గప్పుడు అడిగినా గిదే చెప్పేదాన్ని. ఇగ బోథ్ పోతవో, పోవో నీ ఇష్టం."

అతను అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"అవ్వా, నేను బోథ్ రాను... లిడియా అని, లైబ్రరీల పనిచేస్తది... ఆఁ, చర్చికి పోయేటోళ్లే... అవ్వా, జర ఇను..."

అవతల అతని తల్లి లింగవ్వ కేకలు లిడియాకూ వినిపించాయి. ఆపైన ఫోన్ కట్టయింది.

"ఏమన్నది?"

"నెల దాంక ఇంటి మొకం సూడొద్దన్నది."

"మరి ఎట్ల?"

"నువ్వు చెప్పని జవాబుకు మూడేండ్లు ఏడ్సిన. మా అవ్వ కోసం నెల ఆగలేనా?"

నవ్వబోయి కళ్లు తుడుచుకున్నాడు. లిడియా పక్కనున్న కుర్చీ లాగి, కూర్చోమంది.