మిగిలిన గది

మలేరియా మందు కొట్టే బృందానికి నేను మేస్త్రీని. ఇంటింటికీ మందు కొట్టించి తలుపు మీద జేగురుతో రాయాలి: గదులు ఇన్ని, కొట్టినవి ఇన్ని. పై అధికారులు చూసేది ఆ రాతనే. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అనేవారు. ఆ పొగరు నాకు కొంచెం ఉండేది.

తొంభై తొమ్మిది జూన్‌లో పాడేరు పైన కొండల్లో ఓ గూడేనికి వెళ్లాం. చివరి ఇల్లు సోంబరుది. లోపలి గదిలో అతని కోడలు గంగ, బాలింత. తల్లినీ బిడ్డనూ బయటికి తెచ్చి, సామాన్లు తీసి మందు కొట్టాలంటే గంట పడుతుంది. ఆ రోజు పాడేరు క్వార్టర్స్‌లో మా పాప మొదటి పుట్టినరోజు. కింద జీపు హారన్ కొడుతోంది.

"బాబూ, ఈ గదికి కొట్టరేటి?" అని గంగ లోపల్నించే అడిగింది.

రేపొస్తామని చెప్పాను. తలుపు మీద మాత్రం రాసేశాను. గదులు 2, కొట్టినవి 2.

ఆ రేపు నలభై రోజులకు వచ్చింది. కొండల్లో జ్వరాలని వింటుంటే నాకు అన్నం సహించలేదు. పంపు భుజాన వేసుకుని ఒక్కణ్నే ఎక్కాను. మధ్యాహ్నమే అయినా మబ్బు ఇళ్ల మీదికి దిగి ఉంది. తడిసిన గడ్డికప్పు వాసన. సోంబరు ఇంటి ముందు ఎవరూ లేరు. లోపలి గదిలోంచి దోమల రొద...

తలుపు ఓరగా తీసి ఉంది. చీకట్లో గోడవారగా గంగ, ఒళ్లో బిడ్డ.

"వచ్చినారా బాబూ," అంది మెల్లగా.

నాకు సిగ్గేసింది. మందు బిడ్డకు పడదు, బయటికి రమ్మన్నాను.

"మాకేటీ అవదు. కొట్టండి."

తలెత్తకుండా నాలుగు గోడలూ తడిసేదాకా కొట్టాను. బిడ్డ దగ్గలేదు... ఏడవలేదు. దోమల రొద తగ్గలేదు.

బయటికొచ్చేసరికి సోంబరు పొలం నుంచి వస్తున్నాడు. లోపలి గదికి కూడా కొట్టేశానని చెప్పాను. అతను నన్ను వింతగా చూశాడు.

"గంగా, గుంటడూ జొరానికి పోయి పదిరోజులైనాది బాబూ. ఆ గది మేకులేసి మూసేసినాం."

వెనక్కి తిరిగి లోపలికి చూశాను. ఆ గది తలుపుకి అడ్డంగా రెండు చెక్కలు... కింద సందులోంచి తెల్లటి మందునీళ్లు కారుతున్నాయి.

కొండ ఎలా దిగానో తెలీదు. క్వార్టర్స్ చేరేసరికి దీపాలు పెట్టారు. మా తలుపు మీద జేగురు ఇంకా తడిగా ఉంది.

గదులు 2. కొట్టినవి 1.

ముత్యాల్లాంటి అక్షరాలు... నావే.

లోపల మా ఆవిడ పిలుస్తోంది, పాప ఒళ్లు కాలిపోతోందని.