కుడి కొమ్ము వెనక

ల్యాబ్ గుమ్మంలో సెక్యూరిటీ గార్డు గొంతు తెగి పడి ఉన్నాడు. లోపల గాజు తొట్టెలు బద్దలయ్యాయి. సముద్రపు నత్తలు నెత్తుట్లో పాకుతున్నాయి.

“మీ అక్కని ఎత్తుకుపోయారు,” అన్నాడు చీఫ్. “ఆవిడ ఆఖరి కాల్ రికార్డయింది. విను.”

ఏజెంట్ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

“పాత జెట్టీ కింద బాగున్న ఆడనత్త ఒక్కటీ మిగల్లేదు. అన్నిటికీ కుడి కొమ్ము వెనక మగ అవయవం మొలిచింది. గుడ్లు బయటికి రాక లోపలే కుళ్లి చస్తున్నాయి. ఓడల పెయింట్‌లో కలిపే విషం ఇది, నిషేధించింది. డ్రమ్ములు అక్కడే...”

తర్వాత కేక.

“విదేశీ ముఠా,” అన్నాడు చీఫ్. “పోటెక్కగానే విషమంతా అఖాతంలోకి వదులుతారు. చేపలు చచ్చాక తీరం వాళ్ల కంపెనీకి చవగ్గా దక్కుతుంది. పాత జెట్టీకి సిల్క్‌ని పంపాను. వెళ్లినట్టు రుజువుగా ఓ నత్తని తెమ్మన్నాను.”

సిల్క్ అంటే ముఠాలో ఉన్న మన మనిషి. చూసినవాళ్లు చూపు తిప్పుకోలేనంత అందగత్తె.

సిల్క్ దిగిన హోటల్లో ఏజెంట్ వెయిటర్ వేషంలో, భుజాన తువ్వాలుతో ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

“సముద్రం ఎలా ఉంది మేడమ్?”

“అద్దంలా ఉంది. మొహం చూసుకోవచ్చు.”

కోడ్ సరిపోయింది. ఆమె ఉప్పునీళ్ల సీసా ముందుకు జరిపింది. లోపల నత్త.

“జెట్టీ అంతా గాలించా. ఖాళీ. మీ అక్క లైట్‌హౌస్‌లో ఉంది. పద, కారు రెడీ.”

అతను చేతివాచీ మీట నొక్కాడు. వాచీ అద్దం భూతద్దమైంది. నత్త తల బయటపెట్టింది. కుడి కొమ్ము వెనక నున్నగా ఉంది. ఏ మొలకా లేదు. ఆడది. విషం దీని దరిదాపులకే రాలేదు.

“ఇది పాత జెట్టీదేనా?”

“నా చేత్తో పీకా. గోరు విరిగింది చూడు.”

“లైట్‌హౌస్ రాళ్ల మీద విరిగుంటుంది.”

ఆమె ఉంగరంలోంచి సూది పొడుచుకొచ్చింది. అతను ఆ మణికట్టు విరిచి, అదే సూదిని ఆమె మెడలో దించాడు.

“నత్తకీ నత్తకీ... తేడా ఏంటి?” అంటూనే ఆమె ఒరిగిపోయింది.

అతను సీసా మూత బిగించి జేబులో వేసుకుని పరిగెత్తాడు.

పాత జెట్టీ కింద పోటెక్కుతోంది. స్తంభానికి కట్టేసిన అక్క గడ్డం దాకా నీళ్లు. అడ్డొచ్చిన మొదటివాడి నుదుట్లో గుండు దిగింది. రెండోవాడు పడవ కొక్కెం ఏజెంట్ భుజంలోకి దించాడు. దాని కర్ర పుటుక్కున విరిగింది. ఏజెంట్ వాడి మొహాన్ని డ్రమ్ముకేసి కొట్టాడు, పళ్లు రాలేదాకా.

“తుపాకీ పడెయ్!” ముఠా నాయకుడి చెయ్యి వాల్వు మీద ఉంది. “లేదంటే తిప్పేస్తా!”

ఏజెంట్ వాడి మోచేతిని పేల్చాడు. వాడు కూలుతూనే రెండో చేత్తో వాల్వు తిప్పాడు. ఏజెంట్ ఒక్క దూకు దూకి దాన్ని బిగించాడు. పైపు మూతి నుంచి జారిన ఒకే ఒక్క చుక్క వెయిటర్ తువ్వాల్లో ఇంకింది.

కట్లు కోస్తుంటే అక్క దగ్గుతూ అడిగింది. “నేనిక్కడున్నానని ఎలా తెలిసిందిరా?”

అతను సీసా తీసి చూపించాడు.

“మూత అంతలా బిగించావేంట్రా! ఊపిరాడక చస్తుంది!”

“అక్కా, నా భుజంలో కొక్కెం ఉంది.”

“ఉండనీ, అదెక్కడికీ పోదు. ముందు ఆ మూత తియ్యి.”