కీప్‌కి పుట్టిల్లు లేదు

మొదటి రోజే తగువు.

"కీప్ ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట. దీనికింత కాగితాల బొత్తి ఎందుకండీ?" అంది మూలాల అమ్మాయి.

"మాట చిన్నదే. సంసారం పెద్దది" అన్నాడు అర్థాల అబ్బాయి.

ఆ నిఘంటువు ఆఫీసులో ఒక్కో ఇంగ్లీషు క్రియకి ఇద్దరు. ఒకరు అర్థాలు రాయాలి, ఒకరు అది ఎక్కడ పుట్టిందో వెతకాలి. రెండూ చేతికి వస్తేనే సంపాదకుడు పెద్దాయన సంతకం పెట్టి అచ్చుకి పంపుతాడు. మూలాల అమ్మాయి వేరే ఊరి ఆఫీసు నుంచి అరువు వచ్చిన మనిషి. కీప్ అచ్చుకి వెళ్ళగానే తిరిగి రైలెక్కాలి.

ఆ సంగతి తెలిశాక అబ్బాయి కలం నడక తగ్గింది. దాచుకోవడం రాశాడు, మాట నిలబెట్టుకోవడం రాశాడు. కోళ్ళని పెంచడమూ కీపే, పాలు విరగకుండా ఉండటమూ కీపేనంటూ పూటకొకటి పట్టుకొచ్చేవాడు. ఆమె విసుక్కోకుండా చదివి ఎక్కడో ఒక్క మాట మార్చేది. వాక్యం తుడిచిన అద్దంలా అయ్యేది. ఈ చేతికి ఇంత నేర్పు ఎక్కడిదా అని తలెత్తితే, కిటికీలో వాన, వాన ముందు ఆమె. ఇక పనేం సాగుతుంది?

అయినా నోరు విప్పడే! రైలు కదిలాక గానీ గొంతు పెగలని వాళ్ళు లోకంలో ఎంతమందో.

చివరికి పెద్దాయన ఇద్దరినీ గదిలోకి పిలిచి కాగితాలు అడిగాడు. అబ్బాయి ఇచ్చేశాడు.

"ఇవి ఎప్పుడో అయిపోయాయండీ. ఇస్తే ఈవిడ వెళ్ళిపోతారని సాగదీశాను."

పెద్దాయన ఆమెవైపు చెయ్యి చాచాడు. ఆమె కాగితంలో ఒకటే వాక్యం: మూలం తెలియదు.

"ఇది నీకు వచ్చిన రోజే తెలుసు కదమ్మా?"

"తెలుసండీ. ఏ భాషలోనూ చుట్టాలు లేని మాట." ఆమె తల దించుకుంది. "పాతకాలంలో మాత్రం కోరుకోవడం, కనిపెట్టుకుని ఉండటం అని కూడా వాడేవారట. అది రాయడానికే చెయ్యి రాలేదు."

అబ్బాయి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

పెద్దాయన నిదానంగా సంతకం పెట్టాడు. తర్వాతి అక్షరానికీ ఈ అమ్మాయే కావాలని ఆ ఆఫీసుకి చెబుతానన్నాడు. ముందు ఇద్దరూ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఫోన్లు చేసుకోమన్నాడు.

గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాడు.

"ఎల్‌లో లీవ్ ఉంది. వదిలి వెళ్ళడం. అది మాత్రం ఇంకెవరికైనా ఇస్తాను."