నాలుగో మెట్టు

వీధిలో పిల్లలందరికీ పియానో నేర్పిన టీచరమ్మకు సొంత కూతురి సంగీతమే కొరుకుడు పడలేదు. "ఇదేం పాటే పిచ్చుకా, రేకుల మీద వడగళ్ల వానలాగా!" అని కూతుర్ని ఏడిపించేది.

పిచ్చుక రాసిన ఆఖరి పాట మరీ వింత. ఎడమచేత్తో నాలుగు పియానో మెట్లు చప్పుడు రాకుండా నొక్కి పట్టుకోవాలి. కుడిచేత్తో పై మెట్లు టకటకా కొట్టి వదిలేయాలి. అప్పుడు ఆ నాలుగు తీగలూ ఎవరూ కొట్టకుండానే లోపల్నుంచి మూలుగుతాయి. చెయ్యి తీస్తే ఆగిపోతాయి. ఆ మూలుగు దానంతటది ఆగేదాకా కదలకుండా వినాలి, అంతే పాట!

పిల్ల ముచ్చటపడి మొదటిసారి వినిపించిన రోజు, ఆ మూలుగు సన్నబడుతుండగానే టీచరమ్మ "అయిపోయిందా?" అంటూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్ల పియానో మూత వేసేసింది. నెల తిరక్కుండానే జ్వరమొచ్చి, ఆసుపత్రికి వెళ్లిన పిల్ల మళ్లీ ఇంటికి రాలేదు.

తన నోటి మాటే తల్లి గుండెల్లో ముల్లయి కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ పాట చివరిదాకా వినాలనుకుంది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి గదంతా మసకగా ఉంది. మూత తీసింది. పాత కర్ర వాసన, అందులో కలిసి పిల్ల సబ్బు వాసన. టీచరమ్మవి పొట్టి వేళ్లు. ఎడమ చివరనున్న నాలుగో మెట్టు అందలేదు. సరేలే అని మూడే నొక్కింది.

కుడిచేత్తో కొట్టి వదిలింది. తీగలు మూలిగాయి. మూలుగు సన్నబడింది... ఇంకా సన్నబడింది... ఆగలేదు.

నాలుగో మెట్టు మెల్లగా కిందికి దిగింది.

చప్పుడు లేదు. మూలుగులో ఇంకో తీగ కలిసింది. ఎడమచెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది.

"అయిపోయిందా... అమ్మా?"

టీచరమ్మకు తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం ఆగకుండా కారుతున్నాయి.

"లేదు తల్లీ... వింటున్నా."

సాయంత్రం భర్త పని నుంచి వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది.

"ఎంతసేపైందే ఇలా? చేతులు చూడు, మంచుముద్దలయ్యాయి," అంటూ ఆయన ఆమె వేళ్లు ఒక్కొక్కటే తీశాడు. ఒక మెట్టు లేచింది. రెండోది లేచింది. మూడోదీ లేచింది.

నాలుగోది లేవలేదు.

"తేమకి బిగుసుకున్నట్టుంది," అని మూత దించబోయాడు.

"వద్దండీ! దాని వేళ్లు నలుగుతాయి!"

అయ్యో పిచ్చిదానా అనుకుంటూ ఆయన మెల్లగానే దించాడు. మూత పూర్తిగా పడలేదు. ఎడమ చివర వేలంత సందు మిగిలింది... గట్టిగా నొక్కడానికి ఆయనకు చేతులు రాలేదు.