దాన్ని పడుకోబెట్టాలా, నిలబెట్టాలా?

మా వీధి చివర మూసిన కిటికీల ఇల్లు ఒకటుంది. దాని పేరు చెడి చాలా కాలమైంది. మనిషి లేని ఇంట్లో ఎవరో గోడ తడతారట... గుసగుసలాడతారట. నేను విన్నది విన్నట్టు చెబుతానంతే, ఒక్క ముక్క కలపను. కలిపేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ సంగతి ఇంకోసారి చెబుతాను.

చీకటి పడ్డాక ఆ ఇంటి పక్కనుంచి నడవాల్సిన ఖర్మ గడియారాల బావకి పట్టింది. ఊళ్ళో గడియారాలన్నీ బాగుచేసేది ఆయనే. ఎక్కడికైనా ఆలస్యంగా వచ్చేదీ ఆయనే.

కారణం, పొద్దున అక్క అలిగి వెళ్ళిపోవడం. అక్కంటే బావ భార్య. గొడవ వంటింటి గోడ గురించి. ఇటుకల్లా కోలగా ఉండే తెల్లటి టైల్స్ ఇద్దరూ కలిసే ఎంచారు. అక్కడిదాకా కాపురం సజావుగానే ఉంది.

"నిలబెట్టి వేయిద్దామండీ. పైకప్పు ఎత్తుగా కనబడుతుంది" అంది అక్క.

"పడుకోబెట్టాలే. గది వెడల్పుగా కనబడుతుంది" అన్నాడు బావ.

ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఊపిరి బయటికెళ్ళి పీల్చుకోవాలి. ఎత్తేమిటో, వెడల్పేమిటో!

"గోడ సంగతి తేలేదాకా ఈ గడప తొక్కను" అని అక్క చెల్లెలి ఇంటికి పోయింది. బావ సాయంత్రందాకా ధీమాగానే ఉన్నాడు. తర్వాత ఆకలేసింది. బెంగ కూడా వేసిందంటాడు. సరే, నమ్ముదాం.

పెళ్ళాన్ని బతిమాలి తెచ్చుకుందామని బయలుదేరాడు. మరదలి ఇంటికి దారి ఆ పాడు ఇంటి పక్కనుంచే.

కిటికీ సందులోంచి సన్నటి వెలుగు...

టక్... టక్... టక్...

బావ కాళ్ళు ఆగిపోయాయి. పరిగెత్తమని చెప్పాడట, అవి వినలేదట.

లోపల ఎవరిదో బొంగురు గొంతు — "దాన్ని పడుకోబెట్టమంటారా?"

"వద్దు... నిలబెట్టు." ఆడగొంతు. గుసగుసగా.

"మూలనున్నదాన్ని కొయ్యాల్సిందేనమ్మా."

"కొయ్యి. కోసినట్టు ఎవరికీ తెలియకూడదు."

"మిగతావాటిని నీళ్ళలో ముంచేశాను."

టక్... టక్...

"ఇది బోలుగా మోగుతోంది. లోపల ఏమీ లేదు. పీకేస్తాను..."

బావ గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ దండం పెట్టాడు. అయినా, ఆ ఆడగొంతు... ఎక్కడో విన్నట్టుందే! ఎక్కడో ఏమిటి — రోజూ వింటున్నదే. అది అక్క గొంతు!

పొద్దున అలిగి వెళ్ళిన మనిషి, దీపాలు పెట్టేవేళకి దెయ్యమైపోయిందా?

"ఏమే..." అన్నాడు కిటికీ దగ్గర, ఏడుపు గొంతుతో. "నువ్వేనా?"

లోపల వెలుగు టక్కున ఆరిపోయింది.

చప్పుడు లేదు... ఊపిరి కూడా లేదు...

బావ అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నిలబెట్టిస్తానే! గోడంతా నిలబెట్టిస్తాను. కావాలంటే పైకప్పుకీ వేయిస్తాను. నువ్వు ఏ రూపంలో ఉన్నా ఫరవాలేదు... ఇంటికి వచ్చెయ్యి!"

తలుపు కిర్రుమంది.

గుమ్మంలో అక్క! జుట్టంతా తెల్లగా, మొహమంతా తెల్లగా...

బావ కేకకి రెండు వీధుల అవతల కుక్క ఒకటి బల్ల కింద దూరింది.

"తెల్ల సిమెంటండీ, సిమెంటు!" అంది అక్క. పళ్ళు కనబడేలా నవ్వుతోంది. వెనక చీకట్లో మరదలు, పక్కన టైల్స్ మేస్త్రీ.

సంగతేమిటంటే, ఆ ఇల్లు మరదలు కొంది. ఊళ్ళో తెలిస్తే కథలల్లి భయపెడతారని చాటుగా వంటిల్లు బాగుచేయించుకుంటోంది. ఊళ్ళో ఎవరి నోటికి భయపడిందో నాకైతే అంతుపట్టలేదు. అవే టైల్స్ అక్కడ గోడకెక్కుతున్నాయని తెలిసి, తన వంటింట్లో ఎలా ఉంటాయో చూసుకుందామని అక్క వచ్చింది.

"ఏ రూపంలో ఉన్నా ఫరవాలేదన్నారు" అంది అక్క, మెత్తబడిపోయి. "నాదే మొండితనమండీ. ఇక్కడ రెండు రకాలుగానూ ఆనించి చూశాం. పడుకోబెడితేనే బాగుంది."

బావ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "కుదరదు. నేను మాటిచ్చాను. నిలబెట్టాల్సిందే."

"పడుకోబెట్టాలండీ!"

"నిలబెట్టాలంటే నిలబెట్టాలే!"

"బావగారూ, ఇది మా ఇల్లండీ" అంది మరదలు. ఎవరూ వినిపించుకోలేదు. చీకట్లోనే తోసుకుంటూ వంటింట్లోకి వెళ్ళారు, గోడకి ఎదురుగా నిలబడి అరుచుకున్నారు.

"అమ్మా, సిమెంటు గట్టిపడిపోతోంది!" మేస్త్రీ గొంతు పెంచాడు. "పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? ఒక్క మాట తేల్చండి!"

ఒక్క క్షణం అందరూ ఆగారు.

"ఐమూలగా వెయ్యి" అని వినబడింది. నెమ్మదిగా... చాలా మర్యాదగా.

"అబ్బ!" అన్నాడు బావ. "ఇది బాగుందే."

"నాకెందుకు తట్టలేదూ!" అంది అక్క.

దీపం వెలిగించారు, ఐమూలగానే వేశారు. గది ఎత్తుగానూ ఉంది, వెడల్పుగానూ ఉంది. అక్క ఆ పూటే బావ వెంట ఇంటికి వచ్చేసింది. వాళ్ళ వంటింటికీ అదే వరస వేయించుకున్నారు.

అంత మంచి సలహా ఎవరిదా అని నాకు కుతూహలం. ఊరికే, తెలుసుకుందామని నలుగురినీ విడివిడిగా అడిగాను. బావ, అక్క అన్నదనుకున్నాడు. అక్క, చెల్లెలనుకుంది. మరదలు, మేస్త్రీ అనుకుంది.

మేస్త్రీ మాత్రం తాపీ కింద పెట్టి, అటూ ఇటూ చూశాడు. "నా వెనకనుంచి కాదు... నా ముందునుంచి వచ్చింది" అన్నాడు. "నా ముందున్నది గోడొక్కటే."

ఈ మాట నేనే వెళ్ళి మరదలికి చెప్పాను. చెప్పకపోతే పాపం కదా. పెట్టే బేడా సర్దుకుంటుందనుకున్నాను.

ఆవిడ ఇప్పుడు పడగ్గదికి రంగు ఎంచుకుంటోంది. చీకటి పడగానే దీపం ఆర్పేసి, "నీలమా, పచ్చనా?" అని గోడనడిగి... చెవి పెట్టి వింటోంది.