పెట్టెలోని చపాన్లు

తెల్లారేసరికి తుర్సునయ్ గుర్రాల కొట్టం దగ్గరుంది. భర్త జూమార్ట్ గుర్రప్పిల్లను తల్లి పక్కకు తెచ్చాడు. అది రెండు గుక్కలు తాగాక పక్కకు లాగి పట్టుకున్నాడు. పిల్ల పక్కన లేనిదే ఆడగుర్రం పాలు వదలదు. తుర్సునయ్ ఒక మోకాలు నేలకానించి, బకెట్టు తొడ మీద పెట్టుకుని పితకడం మొదలుపెట్టింది. ఆ నాలుగు గుర్రాల పాలు పులియబెట్టి, నరీన్ దారిన పోయే కార్లవాళ్లకు కుమిస్ అమ్మితేనే ఆ ఇంటికి ఏడాది పొడుగునా పిండీ, బొగ్గూ, పిల్లల చదువులూ.

బకెట్టు సగం నిండకముందే వాకిట్లో కారు ఆగింది. జూమార్ట్ అక్క జూరకాన్ పట్నం నుంచి దిగింది. చిన్నప్పుడు తమ్ముణ్ణి వీపున మోసి పెంచిన మనిషి. ఆవిడ మాటకు అతను ఈ వయసు దాకా ఎదురు చెప్పలేదు.

అక్కాతమ్ముళ్ల అమ్మ కాల్బూబు పోయి ఈ నెలకు ఏడాది. సంవత్సరీకం సంగతంతా తానే చక్కబెట్టేశానని జూరకాన్ రొట్టె ముక్క విరుస్తూ చెప్పింది. పట్నంలో విందు హాలు మాట్లాడిందట. ఒక గుర్రాన్ని కొని కోయాలట, వియ్యంకులందరికీ చపాన్లు కప్పాలట. డబ్బుకు కూడా ఒకాయన్ని చూసిందట. మధ్యాహ్నం కాగితం పట్టుకుని వస్తాడు, జూమార్ట్ సంతకం చేస్తే చాలు.

"తాకట్టుకి ఏముంది మన దగ్గర?" అన్నాడు జూమార్ట్ నెమ్మదిగా.

"గుర్రాలున్నాయిగా."

జూమార్ట్ తల దించుకుని టీ వైపు చూశాడు. అతని మొహం చూడగానే ఈయన సంతకం పెట్టేస్తాడని తుర్సునయ్‌కి తెలిసిపోయింది. ఆమె కేటిల్ అందుకుని వదినగారి గిన్నె అంచుదాకా నింపింది.

మా వైపు టీ ఎప్పుడూ గిన్నె అడుగుకే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. ఇంక లేచి వెళ్ళమని చెప్పాలంటేనే నిండా పోస్తారు. జూరకాన్ ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది.

"నాకు నిండా పోశావా?"

"పోశాను వదినా. గుర్రాల్ని నేనివ్వను."

"అవి నీ పుట్టింటివా?"

"కాదు. అత్తయ్య ఇచ్చినవి. మొదటి పిల్లను తన చేతుల్తో ఈనించి నాకు అప్పజెప్పింది. ఆవిడ పేరు చెప్పి వాటినే పోగొట్టుకుంటే, ఆవిడ ఏ లోకాన సంతోషిస్తుంది?"

అమ్మకు ఒక్క పూట అన్నం పెట్టడానికి నీకు చేతులు రావడం లేదని జూరకాన్ ఎత్తిపొడిచింది. నోరులేని కోడలని ఊరంతా మెచ్చుకుంటే నిజమనుకున్నానంది. తుర్సునయ్ తగ్గలేదు. పక్క ఊరి శార్షెన్ ఇల్లు పీకి పందిరేసినట్టు తండ్రికి విందు పెట్టాడు, ఇప్పుడు సొంత మందంతా పోయి పరాయివాళ్ల గొర్రెలు కాస్తున్నాడు, ఆ విందు తిన్నవాళ్లలో ఒక్కడైనా గడ్డిమోపు ఇచ్చాడా అని అడిగింది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపాలి కదా అంది. జూమార్ట్ అక్కనీ భార్యనీ మార్చి మార్చి చూస్తూ టోపీ నలుపుకున్నాడు.

"సరే, గుర్రం మానెయ్. చపాన్లయినా కొనాలా వద్దా?" అంది జూరకాన్.

ఆ చపాన్ల సంగతి చెప్పుకోవాలంటే నాకు సిగ్గేస్తుంది. ముఖమల్ మీద బంగారు దారం కుట్టిన పొడుగు అంగీ అది. విందుకొచ్చిన వియ్యంకుడి భుజాల మీద కప్పుతారు. అతను పొంగిపోయి ఇంటికెళ్ళి మడతపెట్టి పెట్టెలో దాస్తాడు. తర్వాతి విందులో ఇంకొకడి భుజాల మీద కప్పుతాడు. ఒక్కడూ తొడుక్కోడు. అందరి పెట్టెల్లోనూ చపాన్లే, అందరి నెత్తి మీదా అప్పులే.

తుర్సునయ్ లేచి గోడవారనున్న పెట్టె మూత ఎత్తింది. ఎర్రవి, నీలివి, నల్లవి తీసి నేల మీద పడేసింది. నీలిదాన్ని జూరకాన్ ఒళ్లో పెట్టింది.

"ఇది మీ అబ్బాయి పెళ్ళిలో మా ఆయనకి మీరు కప్పారు. అంచు తిప్పి చూడండి. మీ తమ్ముడి సిగరెట్టు కాల్చిన చోట రఫ్ఫు చేసింది నేనే. అలా రఫ్ఫు చేసి దాన్ని శార్షెన్ వాళ్లకిచ్చింది మేమే, చేతులు మారి మీ దగ్గరికొచ్చి మళ్ళీ మా ఇంటికే చేరింది."

జూమార్ట్‌కి నవ్వాగలేదు. అక్క మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"అత్తయ్య ఆఖరి చలికాలం నడుము కింద పరుపు పల్చబడి రాత్రంతా వణికేది," అంది తుర్సునయ్. "చపాన్లు కోసి పరుపు కుడతానంటే ఒప్పుకోలేదు. ఇవి పెట్టడానికే, వాడుకోడానికి కాదంది. నిండు పెట్టె పక్కన పడుకుని చలికి వణికింది వదినా. అలాంటి పెట్టె నా ఇంట్లో ఇంక వద్దు."

ఆమె కత్తెర తీసుకుని ఎర్ర చపాన్‌ని మెడ దగ్గర్నుంచి కిందికి కోసింది. మా ఊళ్లో అలాంటి శబ్దం ఎవరూ విని ఉండరు.

"ఆగు," అంది జూరకాన్.

ఆవిడ ముందుకు వంగి, పెట్టె అడుగునున్న ఆకుపచ్చ చపాన్‌ని బయటకు లాగింది. దాని మడత కూడా ఎవరూ విప్పలేదు. ఆ చలికాలం మంచులో పట్నం నుంచి తానే తెచ్చి అమ్మకిచ్చింది. అమ్మ దాన్ని రెండు చేతులా నిమిరి, 'ఎవరికైనా పెట్టడానికి ఉంటుందిలే' అంటూ పెట్టెలో పెట్టించింది. జూరకాన్ అప్పుడు ఎంతో గర్వపడింది. అమ్మ కాళ్లు చల్లగా ఉన్నాయేమోనని చెయ్యి వేసి చూడాలని ఆవిడకు తట్టలేదు.

ఆకుపచ్చ ముఖమల్‌లో మొహం దాచుకుని ఆవిడ ఏడ్చింది. తుర్సునయ్ పక్కన కూర్చుంది, ఓదార్చలేదు. కాసేపటికి జూరకాన్ ముక్కు తుడుచుకుని, చపాన్ రెండు కొసలూ బిగించి పట్టుకుంది.

"కొయ్యి," అంది.

మధ్యాహ్నం కాగితం పట్టుకుని వచ్చినాయనకి జూరకానే టీ పోసింది. గిన్నె అంచుదాకా నింపింది. ఆయన సగం తాగి లేచాడు.

సంవత్సరీకం వాకిట్లోనే జరిగింది. ఉన్న కొద్ది గొర్రెల్లోంచి ఒకదాన్ని కోశారు, ఇంటి కుమిస్ పోశారు. పోయినవాళ్లకు వాసన చేరాలని పొద్దున్నే వదినా మరదళ్లు నూనెలో రొట్టెలు కాల్చారు. ఎర్రా నీలీ ఆకుపచ్చా ముక్కలు కలిపి కుట్టిన కొత్త పరుపుల మీద వియ్యంకుల్ని కూర్చోబెట్టారు. దూరంగా కట్టేసిన నాలుగు గుర్రాలు పిల్లల్ని పిలుస్తున్నాయి.

భోజనాలయ్యాయి. అయినా ఎవరూ లేవరే. పెద్ద వియ్యంకుడు భుజాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, ఈ ఇంట్లో చపాన్ కప్పే ఆనవాయితీ లేదా అని పక్కవాణ్ణి అడిగాడు, అందరికీ వినపడేలా. తుర్సునయ్ నోరు తెరవబోయింది. జూరకాన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ కిందే ఉంది చూడండి బావగారూ, ఆ నీలిముక్క. ఒకసారి మీ ఇంటికి కూడా వచ్చి వెళ్లిందే," అంది ఆవిడ. "కూర్చోండి, వెచ్చగా ఉంటుంది. మా అమ్మ ఒక్క రాత్రయినా పడుకోలేదు దాని మీద."