రసూల్ ఎప్పుడూ బాగానే ఉంటాడు

ఒకటో తారీఖు. తెల్లారగానే సందులో పింఛన్ల సందడి మొదలైంది. వార్డు సచివాలయం ఉద్యోగి చలపతిరావు పక్కింటి ముసలమ్మ చేత వేలిముద్ర వేయిస్తున్నాడు. టీ వడబోస్తున్న సాబిరా చెవి అటే ఉంది. ఆమె భర్త రసూల్ మాత్రం గోడకి జారబడి, వంగని కుడికాలు చాపుకుని, ఏమీ పట్టనట్టు పేపరు చూస్తున్నాడు.

తివాచీల కార్ఖానా కప్పు కూలిన రోజున పాడైంది ఆ కాలు. అప్పటినుంచీ ఆయన మందులకీ మాకులకీ వికలాంగుల పింఛనే ఆధారం. మళ్ళీ పరీక్షలని పిలిచి, వైకల్యం తక్కువేనని రాసి, దాన్ని ఆపేశారు. అప్పీలు పెట్టుకుంటే రెండోసారి పరీక్ష చేశారు. ఇక ఎదురుచూడటమే. కాలీడ్చుకుంటూ వెళ్ళి, కాలీడుస్తున్నానని రుజువు చేసుకోవాల్సిన రోజులు. తక్కువేనని రాసిన ఆ మొదటి డాక్టర్ని సాబిరా తిట్టని పూట లేదు.

చలపతిరావు వాళ్ళ గుమ్మం దాటి వెళ్ళబోయాడు. కొడుకు ఆసిఫ్ చెప్పులైనా వేసుకోకుండా బయటికి ఉరికాడు.

"ఏవండీ, ఈ ఇంట్లో మనుషులు లేరనుకున్నారా?"

"అయ్యో, అదేం మాటండీ! మీ అప్పీలు ఇంకా తేలలేదు. పైనుంచి రావాలి." ఆయన గొంతు తగ్గించాడు. "ఆశ పెట్టుకోమని మాత్రం చెప్పలేనండి. మొన్న ఆస్పత్రిలో నేను పక్కనే ఉన్నాను కదా. 'నొప్పి ఎలా ఉంది పెద్దాయనా?' అని డాక్టరుగారు అడిగితే, మీ నాన్నగారు నవ్వుతూ 'అల్లా దయవల్ల బాగానే ఉన్నానండి' అన్నారు. మొదటిసారి కూడా అదే మాటండి."

ఆసిఫ్ లోపలికొచ్చి తండ్రి చేతిలో పేపరు లాగి అవతల పారేశాడు.

"రెండుసార్లూనా బాబా? సెలవులు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది నేను. అడిగింది డాక్టరు! పెళ్ళిలో కనపడ్డ చుట్టాలకి చెప్పినట్టు చెప్పొచ్చారా?"

"నోరు రాలేదురా."

"ఎందుకు రాదు?"

"నేనూ అబ్రహామూ ఒకే చెక్క మీద కూర్చుని నేసేవాళ్ళం. కప్పు పడ్డాక వాణ్ణి బయటికి తీస్తే ఊపిరి లేదు. నన్ను తీస్తే ఉంది. బాగోలేదని ఏ నోటితో చెప్పమంటావు?"

"అబ్రహాం బాబాయి పోతే మీకు నొప్పి పుట్టకూడదా?"

"ఒరే, ఊరుకో!" సాబిరా భర్త పక్కన కూలబడింది. "నాకైనా చెప్పొచ్చు కదండీ. రోజూ అడుగుతూనే ఉన్నాను."



నిజమే, రోజూ అడిగేది. బాగానే ఉందనగానే బిందె చేతికిచ్చేది. రేషన్ లైన్లో నిలబెట్టేది. మందులు సగానికి తగ్గిద్దామా అంటే ఆయన సరేనన్నాడు; ఆమె తగ్గించేసింది.

ఇప్పుడు లుంగీ పైకి జరిపి చూసింది. మోకాలి కింద చర్మం కమిలి, నున్నగా ఉబ్బి ఉంది. వేలు పెడితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన పళ్ళు బిగించాడు.

"ఆ డాక్టర్ని ఊరికే తిట్టానురా," అంది కొడుకుతో, కళ్ళు తుడుచుకోకుండానే. "ఆయన ఒక్క పూట నమ్మాడు. నేను ఇన్నేళ్ళు నమ్మాను. నమ్మితే నాకు పని జరిగేది మరి."

ఆసిఫ్ మెల్లగా కూర్చుని తండ్రి కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మళ్ళీ పిలుస్తారంటావా?" అడిగాడు రసూల్. "ఈసారి చెబుతాను."

"పిలవరు బాబా. ఏం రాస్తారో చూడ్డమే."

ఆ మాట పైకి అన్నాక వాడికీ ఏడుపు ఆగలేదు.